బాబు హెర్నియా ఆపరేషన్: మత్తు డాక్టర్ ముందే కూర్చోబెట్టి మాట్లాడిన ఆసుపత్రి

మా బాబుకు ఇరవై నెలలు. మొన్న హనుమకొండలో ఒక పిల్లల సర్జరీ ఆసుపత్రిలో కుడి గజ్జలో హెర్నియాకు ఆపరేషన్ చేయించాం. ఐదుకు నాలుగు ఇస్తున్నాను. ఆ నాలుగులో ఎక్కువ భాగం అక్కడి మత్తు డాక్టర్ మేడం వల్ల వచ్చినవే. ఒకటి ఎందుకు తగ్గించానో కూడా రాస్తాను. మంచీ చెడూ రెండూ చెబుతున్నాను కాబట్టి ఆసుపత్రి పేరు పెట్టడం లేదు.

నేను పరకాల డిపోలో కండక్టర్‌ని. ఒకరోజు డ్యూటీలో ఉండగా అత్తమ్మ ఫోన్ చేసింది. "పిలగాడు ఏడిస్తే గజ్జల్ల నిమ్మకాయంత ఉబ్బుతున్నది, ఊకుంటే లోపలికి పోతున్నది" అంది. చూపిస్తే హెర్నియా అన్నారు. పేగు కిందికి జారుతోందని, మందులతో తగ్గదని, ఆపరేషన్ చేయాల్సిందేనని చెప్పారు. కోతకు నేను భయపడలేదు. నా రెండు కాన్పులూ ఆపరేషన్లే. కానీ నాకు నడుముకు ఇంజక్షన్ ఇచ్చారు, మెలకువగానే ఉన్నాను, పాప ఏడుపు విన్నాను. వీడికి అలా కాదు, పూర్తిగా నిద్రపుచ్చుతారు అని తెలిసిన రోజు నుంచి నాకు నిద్ర లేదు.

దానికి తోడు మా మరిది వాట్సాప్‌లో ఒక మెసేజ్ పంపాడు. మూడేళ్ళలోపు పిల్లలకు మత్తు ఇస్తే మెదడు ఎదగదని అమెరికా ప్రభుత్వమే హెచ్చరించిందట. "వదినా, తొందరపడకండి" అన్నాడు. వాడు చెడ్డ ఉద్దేశంతో పంపలేదు, వాడికి బాబంటే ప్రాణం. ఆ మెసేజ్ పట్టుకుని నేనూ మా ఆయనా మూడు రాత్రులు మాట్లాడుకున్నాం. మూడేళ్ళు నిండేదాకా ఆగుదామా, ఇప్పుడే చేయిద్దామా అని.

మొదట వెళ్ళింది వేరే ఆసుపత్రికి. సర్జన్ బాగానే చూశారు. మత్తు ఎవరిస్తారు, వాళ్ళతో ఒకసారి మాట్లాడొచ్చా అని కౌంటర్‌లో అడిగాను. "ఆ రోజు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు వస్తారు మేడం, అది మేం చూసుకుంటాం" అన్నారు. రేపు నా బస్సు నడిపే డ్రైవర్ ఎవరో డిపోలో ఈరోజే చార్ట్ మీద ఉంటుంది. నా కొడుకు ఊపిరి చూసుకునే మనిషి ఎవరో ఆ పొద్దుటిదాకా ఎవరికీ తెలియదంటే నాకు మనసొప్పలేదు. వచ్చేశాం.

ఈ రెండో ఆసుపత్రిలో సర్జన్ గారు తేదీ అడిగితే రాయలేదు. "ముందు మత్తు డాక్టర్ చూడాలి, ఆమె సరేనంటేనే తేదీ" అన్నారు. మూడు రోజుల తర్వాత సాయంత్రం ఆమె ఓపీకి వెళ్ళాం. దాదాపు అరగంట మాతో కూర్చున్నారు. బాబు గుండె, ఊపిరి విన్నారు, నోరు తెరిపించి చూశారు, నెలలు నిండి పుట్టాడా, పుట్టినప్పుడు ఐసీయూలో పెట్టారా, రాత్రి నిద్రలో గురక ఉందా అని అడిగారు. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత మెలకువ రావడం, సొంతంగా ఊపిరి తీసుకోవడం ఆలస్యమైందా అని కూడా అడిగారు. ఎందుకని అడిగితే, కండరాలు వదులు కావడానికి ఇచ్చే ఒక మందు కొన్ని కుటుంబాల్లో శరీరం నుంచి త్వరగా పోదని, మన దగ్గర ఆర్యవైశ్య కుటుంబాల్లో ఇది మిగతావాళ్ళకన్నా ఎక్కువగా కనిపిస్తుందని, అది ముందే తెలిస్తే ఆ మందు వాడకుండా చూసుకుంటామని చెప్పారు. మాకు అలాంటిదేమీ లేదు. కానీ ఇంటి పెద్దవాళ్ళను అడిగి వెళ్ళాల్సిన ప్రశ్న ఇది.

ఆ తర్వాత నేను ఫోన్ తీసి మరిది మెసేజ్ చూపించాను. విసుక్కుంటారేమో అనుకున్నాను. మొత్తం చదివి, "ఇది అబద్ధం కాదమ్మా, కానీ సగమే ఉంది" అన్నారు.

ఆ హెచ్చరిక అమెరికాలో మందులను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2016 డిసెంబర్‌లో ఇచ్చింది. మూడేళ్ళలోపు పిల్లలకు, చివరి మూడు నెలల్లో ఉన్న గర్భిణులకు మూడు గంటలు దాటి గానీ, మళ్ళీ మళ్ళీ గానీ మత్తు ఇస్తే పిల్లల మెదడు ఎదుగుదల మీద ప్రభావం పడొచ్చు అని అందులో ఉంది. ముఖ్యంగా జంతువుల మీద చేసిన పరీక్షలు చూసి ఆ జాగ్రత్త చెప్పారు. మా మెసేజ్‌లో "మూడు గంటలు" అన్న మాటే లేదు. బాబుకు మత్తు మొత్తం కలిపి గంట దాటదని మేడం చెప్పారు.

ఇంకో సంగతి చెప్పారు, నాకు బాగా ధైర్యం ఇచ్చింది అదే. సరిగ్గా మా బాబుకు చేసే ఈ గజ్జ హెర్నియా ఆపరేషన్ మీదే పెద్ద పరిశోధన జరిగిందట. ఏడు దేశాలు, 28 ఆసుపత్రులు, 722 మంది పసిపిల్లలు, అందరూ మా వాడికన్నా చాలా చిన్నవాళ్ళు, పుట్టి కొన్ని వారాలో నెలలో అయినవాళ్ళు. సగం మందికి పూర్తి మత్తు, సగం మందికి మెలకువగా ఉంచి నడుముకు ఇంజక్షన్. మత్తు ఇచ్చినవాళ్ళలో సగం మందికి అది 54 నిమిషాలు, లేదా అంతకన్నా తక్కువే. ఆ పిల్లలకు ఐదేళ్ళు వచ్చాక తెలివితేటల పరీక్షలు పెడితే రెండు గుంపుల మధ్య తేడా కనిపించలేదు. ఆ ఫలితం 2019లో వచ్చింది.

"మళ్ళీ మళ్ళీ ఇవ్వాల్సి వస్తే?" అని మా ఆయన అడిగాడు. మేడం అక్కడ తీపి మాటలు చెప్పలేదు. అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రిలో 997 మంది పిల్లల మీద చేసిన పరిశోధన 2018లో వచ్చిందని, అందులోనూ ఐక్యూలో తేడా లేదని, కానీ ఒకటి కన్నా ఎక్కువసార్లు మత్తు తీసుకున్న పిల్లలు చేతివేళ్ళతో చేసే సన్న పనుల్లో, చురుకుగా చేయాల్సిన వాటిలో కొద్దిగా వెనకబడ్డారని చెప్పారు. అది మత్తు వల్లనా, అన్ని ఆపరేషన్లు అవసరమైన జబ్బు వల్లనా అన్నది తేలలేదన్నారు. తెలిసింది తెలిసినట్టు, తేలనిది తేలలేదని చెప్పిన డాక్టర్ మీద నాకు నమ్మకం పెరిగింది.

మూడేళ్ళదాకా ఆగే సంగతి కూడా అప్పుడే తేలిపోయింది. చిన్నపిల్లల్లో జారిన పేగు అక్కడే ఇరుక్కుపోయే ప్రమాదం ఎక్కువ. ఇరుక్కుంటే అర్ధరాత్రైనా అత్యవసరంగా ఆపరేషన్ చేయాలి. అప్పుడు కడుపు ఖాళీగా ఉండదు, బిడ్డ వాంతులు చేసుకుంటూ ఉంటాడు, మత్తు ఇవ్వడం ఇప్పటికన్నా ఎన్నో రెట్లు కష్టం. మత్తుకు భయపడి ఆగితే, ఇంకా ప్రమాదమైన మత్తుకు ఎదురెళ్ళినట్టు అవుతుందని నాకు అప్పుడు అర్థమైంది.

చివరగా నేను అడిగింది ఒక్కటే. "మధ్యలో మీరు వేరే ఆపరేషన్‌కు వెళ్తారా మేడం?" అని. "వాడికి మెలకువ వచ్చేదాకా వాడి తల దగ్గరే ఉంటాను. గుండె కొట్టుకోవడం, బీపీ, రక్తంలో ఆక్సిజన్, ఊపిరిలో వదిలే గాలి, అన్నీ తెర మీద నిమిషం నిమిషం కనిపిస్తుంటాయి" అన్నారు. ఆ రాత్రి నిద్రపోయాను.

మొదటి తేదీ వాయిదా పడింది. ముందురోజు బాబుకు ముక్కు కారుతోంది, కొంచెం జ్వరం. నేను సెలవు పెట్టుకుని, పాపను మా అమ్మ దగ్గర వదిలి వచ్చాను, వెనక్కి పొమ్మంటే కోపం వచ్చింది. జలుబు ఉన్నప్పుడు గాలిగొట్టం రేగి ఉంటుందని, మత్తులో గొంతు ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చని, మూడు వారాలు ఆగాలని చెప్పారు. కట్టిన అడ్వాన్స్ అలాగే ఉంచారు, పైసా అదనంగా అడగలేదు. సెలవు పోతే పోయింది, ఆ నిర్ణయం సరైనదే.

ఇక ఆపరేషన్ రోజు. నా ఫిర్యాదు ఇక్కడే. ఎనిమిదిన్నరకు ఆపరేషన్ అన్నారు. ఏది ఎప్పటిదాకా ఇవ్వొచ్చో మేడం కాగితం మీద తెలుగులో రాసిచ్చారు: అన్నం, బిస్కెట్, బర్రె పాలు ఆరు గంటల ముందుదాకా, తల్లిపాలు నాలుగు గంటల ముందుదాకా, మంచినీళ్ళు రెండు గంటల ముందుదాకా. కడుపులో ఏదైనా ఉంటే మత్తులో అది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుందట. "పసిపోరడు ఎట్ల ఉంటడు, ఒక్క బిస్కెట్ ముక్క వేస్తే ఏమైతది" అని అత్తమ్మ బాధపడింది. కారణం విడమర్చి చెప్పాక ఆమే బిస్కెట్ ప్యాకెట్ తీసి సంచి అడుగున పెట్టింది. అలారం పెట్టుకుని తెల్లవారుజామున నాలుగింటికి పాలిచ్చాను, ఆరున్నరకు నీళ్ళు తాగించాను.

ఎనిమిదిన్నర అయింది, తొమ్మిదిన్నర అయింది, ఎవరూ పిలవలేదు. ఒక పసిగుడ్డును అత్యవసరంగా తీసుకొచ్చారట, ఆ కేసు ముందు తీసుకున్నారు. దానికి నేను ఒక్క మాట అనను, ఆ తల్లి స్థానంలో నేనున్నా అదే కోరుకుంటాను. కానీ ఆ మాట మాకు చెప్పాలి కదా? ఆలస్యమవుతుందని ఎనిమిదింటికే చెబితే ఇంకో గంట దాకా వాడికి నీళ్ళు ఇచ్చేదాన్ని. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ సిస్టర్ "ఏమీ ఇవ్వొద్దు" అనే చెప్పింది. పక్క మంచం మీద ఎవరిదో నీళ్ళ బాటిల్ చూసి వాడు చేతులు చాచి ఏడ్చాడు. చివరికి లోపలికి తీసుకెళ్ళేసరికి పదకొండు. బయటికి వచ్చిన మేడం విషయం తెలిసి సిస్టర్‌ను గట్టిగానే అడిగారు, మాకు సారీ చెప్పారు. అయినా నాలుగున్నర గంటలు చుక్క నీళ్ళు లేకుండా వాడు ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేను.

థియేటర్‌లోకి నన్ను రానిచ్చారు, ఆకుపచ్చ గౌను, టోపీ వేసి. బాబును నా ఒళ్ళోనే కూర్చోబెట్టుకుని మాస్క్ పెట్టారు. ఏం జరుగుతుందో మేడం ముందే చెప్పి ఉంచారు: కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాడు, కళ్ళు పైకి తిరుగుతాయి, గురకలాంటి చప్పుడు వస్తుంది, ఒక్కసారిగా ఒళ్ళు వదిలేస్తాడు, ఇవన్నీ మామూలే, భయపడొద్దు అని. అన్నీ అలాగే జరిగాయి. నిమిషం పట్టిందేమో. ఆమె చెప్పకపోయి ఉంటే నేను అక్కడే కుప్పకూలేదాన్ని. ముద్దు పెట్టి బయటికి వచ్చాను. అత్తమ్మ కారిడార్‌లో సమ్మక్క సారలమ్మలకు మొక్కుకుంటోంది, వచ్చే జాతరకు మనవడి ఎత్తు బంగారం, అంటే బెల్లం, ఇస్తానని. బరువు ఎంతని నన్ను అడిగింది. 10.4 కిలోలు, మందుల మోతాదు బరువును బట్టే కాబట్టి పొద్దున రెండుసార్లు తూచారు.

యాభై నిమిషాల్లో అయిపోయిందన్నారు. కానీ నన్ను లోపలికి పిలవడానికి ఇంకో ఇరవై నిమిషాలు పట్టింది, అప్పటికే వాడి కేకలు తలుపు బయటికి వినిపిస్తున్నాయి. వెళ్ళేసరికి నన్ను గుర్తుపట్టకుండా, ఎత్తుకుంటే విదిలించుకుంటూ ఏడుస్తున్నాడు. మెలకువ వచ్చేటప్పుడు కొందరు చిన్నపిల్లలు ఇలా ఉంటారని, అది నొప్పి కాదని, అరగంటలో తగ్గుతుందని మేడం చెప్పే ఉన్నారు. తగ్గింది కూడా. కళ్ళు తెరిచే సమయానికే తల్లిని పక్కన ఉంచితే బాగుంటుంది. ఈ మాట వాళ్ళ అభిప్రాయాల పుస్తకంలో రాసి వచ్చాను.

నొప్పి తెలియకుండా మత్తులో ఉండగానే నడుము కింద, తోక ఎముక దగ్గర ఒక ఇంజక్షన్ ఇచ్చారు. సాయంత్రం దాకా వాడికి నొప్పే లేదు. కానీ ఆ ఇంజక్షన్ వల్ల కొన్ని గంటలు కాళ్ళు పట్టు తప్పొచ్చని వార్డులో ఎవరూ చెప్పలేదు. మూడింటికి మంచం దిగి నిలబడబోతే మోకాళ్ళు మడుచుకుపోయాయి, నా గుండె ఆగినంత పనైంది. పరుగెత్తుకెళ్ళి అడిగితే "అది మామూలేనండీ" అన్నారు. మామూలైనదే ముందు చెప్పాలి. రాత్రి ఏడింటికల్లా వార్డంతా తిరిగాడు.

బిల్లు మొత్తం 42,000 అయింది. అందులో మత్తు డాక్టర్ ఫీజు 6,500 విడిగా రాశారు. వారం తర్వాత చూపించుకున్నాం, కుట్లు వాటంతట అవే కరిగిపోయేవి కాబట్టి తీసే పని లేదు.

పిల్లలకు ఆపరేషన్ చేయించేవాళ్ళకు: ఈ ఆసుపత్రిలో మత్తు డాక్టర్ ఓపీ సాయంత్రమే, అడగకపోతే కౌంటర్‌లో ఆపరేషన్ ముందురోజుకు రాస్తారు. మీరెక్కడికి వెళ్ళినా వారం ముందుదే కావాలని అడగండి. ఆపరేషన్ రోజు పొద్దున ఆలస్యమైతే గంటగంటకూ "నీళ్ళు ఇవ్వొచ్చా, మేడంను అడిగి చెప్పండి" అని సిస్టర్‌ను అడుగుతూనే ఉండండి. నేను రెండుసార్లు అడిగి మొహమాటపడి ఊరుకున్నాను, మీరు ఊరుకోవద్దు.