పక్షుల సంఘం వసంత శిబిరం: శనివారం బంగారం, ఆదివారం గుంపు

మార్చి మూడో వారంలో ఇక్కడి పక్షి ప్రేమికుల సంఘమొకటి, రెండు రోజుల శిబిరం పెడితే, మా అమ్మాయిని తీసుకుని వెళ్లొచ్చాను. శనివారం హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువు, ఆదివారం వికారాబాద్ దగ్గరి అనంతగిరి అడవి. డబ్బుకు తగ్గట్టు ఉందా అంటే, శనివారానికైతే రెట్టింపు అడిగినా ఇచ్చేదాన్ని.

అమీన్‌పూర్ కుతుబ్‌షాహీల నాటి చెరువు. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించారు. చలికాలం వలస వచ్చిన బాతులు అప్పటికే చాలావరకు వెళ్లిపోయాయి, నడిమధ్యలో కొన్ని సూదితోక బాతులు మాత్రం మిగిలాయి. వాటికోసమే వెళ్లాలనుకుంటే డిసెంబరు, జనవరి మంచిది.

గట్టు మీద నడుస్తుంటే రెండు తీతువులు మా తలల మీదే తిరుగుతూ ఒకటే అరుపు. మాకు దారి చూపిస్తున్న పెద్దాయన వెంటనే చెయ్యి అడ్డంపెట్టి అందరినీ ఇరవై అడుగులు వెనక్కి నడిపించి, అప్పుడు బైనాక్యులర్ ఇచ్చి చూడమన్నారు. గులకరాళ్లు తప్ప నాకేమీ కనిపించలేదు. కాసేపటికి మా అమ్మాయి "అమ్మా, ఆ నాలుగు రాళ్లకి మచ్చలున్నాయి" అంది. గుడ్లు! గూడు లేదు, పుల్ల లేదు, నేల మీద చిన్న గుంట, అంతే. మేము కదలకుండా ఉంటే తల్లి పసుపుపచ్చ కాళ్లతో నాలుగడుగులు పరిగెత్తడం, ఆగడం, మళ్లీ పరిగెత్తడం, చివరికి రొమ్ము ఈకలు సర్దుకుని గుడ్ల మీద కూర్చుంది. ఎండ ముదిరితే పొట్ట నీళ్లలో తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తుందట, అందుకే ఆయన ఎవర్నీ ఫొటోల కోసం దగ్గరికి పోనివ్వలేదు. తీతువు అరిస్తే కీడని మా నాయనమ్మ తలుపులు వేసేది. అది పిల్లల్ని కాపాడుకోవడానికి అరిచే అరుపని నలభై ఏళ్లకి తెలిసింది నాకు.

ఆదివారం మాత్రం బాధేసింది. బస్సు నలభై నిమిషాలు లేటు, అడవిలోకి వెళ్లేసరికి ఎండెక్కింది, పైగా యాభైమందిని ఒకే వరసలో నడిపిస్తే ముందు పదిమందికి తప్ప ఎవరికేం కనిపిస్తుంది? వెనకవాళ్ల కబుర్లకి వడ్రంగి పిట్ట ఎగిరిపోయింది. మోదుగ పూల మీద తేనెపిట్టల్ని బాగానే చూశాం, అదీ దారి పక్కనే ఉండబట్టి. పదేసి మందికి ఒకరు చొప్పున పెడితే ఇదే అడవి ఎంత బాగుండేదో.

వెళ్లేవాళ్లు టోపీ, నీళ్లు తీసుకెళ్లండి, మెరిసే రంగు బట్టలు వద్దు. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించే 8×42 బైనాక్యులర్ ఇద్దరికొకటి వాళ్లే ఇస్తారు, కొనక్కర్లేదు. గిజిగాళ్లు గూళ్లు అల్లే వానాకాలం శిబిరానికి ఇప్పుడే పేరివ్వమని మా అమ్మాయి గోల చేస్తోంది, గుంపుకి ఎంతమందో అడిగాకే డబ్బు కడతానన్నాను.