‘ఇన్ క్రైస్ట్ దేర్ ఈజ్ నో ఈస్ట్ ఆర్ వెస్ట్’: సెయింట్ పీటర్ ట్యూనా, మెక్కీ ట్యూనా?

సహోదర ప్రేమ మీద ఇంగ్లిష్ ఆరాధనల్లో పాడే పాటల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. క్రీస్తులో తూర్పు లేదు, పడమర లేదు, దక్షిణం లేదు, ఉత్తరం లేదు. భూమి అంతటా ఉన్నది ఒక్కటే ప్రేమ సహవాసం అని మొదలవుతుంది. నా తండ్రిని కొడుకులా సేవించేవాడు ఏ జాతివాడైనా నాకు రక్తసంబంధే అంటుంది మరో చరణం. మాటల విషయంలో పేచీ లేదు. ఏ ట్యూన్‌లో పాడాలన్న దగ్గరే క్వయర్లలో వాదన మొదలవుతుంది.

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పాట పైన రాగం, తాళం వేసి ఉంటాయి. ఇంగ్లిష్ హిమ్నల్స్‌లో, అంటే కీర్తనల పుస్తకాల్లో, ట్యూన్‌కు విడిగా ఒక పేరు ఉంటుంది. ఈ పాట చరణంలో వరుసగా 8, 6, 8, 6 అక్షరాలు వస్తాయి. ఆ కొలతకు కుదిరే ట్యూన్ ఏదైనా దీనికి సరిపోతుంది. ‘అమేజింగ్ గ్రేస్’ ట్యూన్‌లో కూడా ఇబ్బంది లేకుండా పాడొచ్చు, కావాలంటే ఇంట్లో పాడి చూడండి. కానీ వాడుకలో బాగా నిలిచినవి సెయింట్ పీటర్, మెక్కీ అనే రెండే.

పాట రాసింది జాన్ ఆక్సెన్‌హామ్. అది కలం పేరు, అసలు పేరు విలియం ఆర్థర్ డంకర్లీ. 1908లో లండన్ మిషనరీ సొసైటీ పెట్టిన ‘ది ఓరియంట్ ఇన్ లండన్’ అనే పెద్ద ప్రదర్శన కోసం రాశారు. ఈ సొసైటీ మనకు కొత్తది కాదు. 1805లోనే వాళ్లు విశాఖపట్నం వచ్చారు, తర్వాత కడప, గుత్తి ప్రాంతాల్లో పనిచేశారు. రాయలసీమలోని ఆ సంఘాలు 1947లో సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో కలిశాయి.

సెయింట్ పీటర్ ట్యూన్ 1836లో అచ్చయింది. కూర్చింది అలెగ్జాండర్ రైనాగిల్, ఆక్స్‌ఫర్డ్‌లో సెయింట్ పీటర్ ఇన్ ది ఈస్ట్ చర్చిలో ఆర్గనిస్టు. ఆ చర్చి భవనం ఇప్పుడు సెయింట్ ఎడ్మండ్ హాల్ అనే కాలేజీకి లైబ్రరీ. ట్యూన్ మొదట ఒక్కసారి పైకి లేచి, అక్కడి నుంచి మెట్టుమెట్టుగా కిందికి దిగుతుంది. నాలుగు గొంతుల్లో చక్కగా కుదురుతుంది. కొత్తవాళ్లు కూడా రెండో చరణానికల్లా అందుకుంటారు. పెద్దగా ప్రాక్టీస్ లేని సంఘానికి ఇది నిజంగా మేలే, కాదనను.

చిక్కేమిటంటే, ఆ ట్యూన్ వినగానే చాలామందికి గుర్తొచ్చేది ఈ పాట కాదు, జాన్ న్యూటన్ రాసిన ‘హౌ స్వీట్ ది నేమ్ ఆఫ్ జీసస్ సౌండ్స్’. న్యూటన్ ఒకప్పుడు బానిసలను రవాణా చేసే ఓడకు కెప్టెన్. తర్వాత మారి, 1788లో ఆ వ్యాపారాన్ని ఖండిస్తూ పుస్తకం రాశారు. ఆయన పాట గొప్పదే.

ఇక మెక్కీ ట్యూన్ సంగతి. ఇది అమెరికాలో బానిసత్వంలో నలిగిన నల్లజాతి ప్రజల స్పిరిచువల్ (భక్తి పాట) నుంచి వచ్చింది. నాష్‌విల్‌లోని ఫిస్క్ జూబిలీ సింగర్స్ అనే గాయక బృందం 1870ల్లో లోకానికి వినిపించిన పాటల్లో అదీ ఒకటి. దాన్ని 1939లో ఆక్సెన్‌హామ్ మాటలకు అమర్చింది నల్లజాతి గాయకుడు హ్యారీ టి. బర్లీ. బర్లీకి ఈ స్పిరిచువల్స్ నేర్పింది ఆయన తాత. ఆ తాత బానిసగా బతికి విడుదలైన మనిషి, చూపు లేదు. బర్లీ న్యూయార్క్‌లో సంగీతం చదువుతున్న రోజుల్లో ఆ పాటలనే చెక్ సంగీతకర్త డ్వోర్జాక్‌కు పాడి వినిపించారు.

1894లో న్యూయార్క్ సెయింట్ జార్జ్ చర్చిలో బర్లీని సోలో గాయకుడిగా తీసుకున్నప్పుడు, నల్లవాడని సంఘంలో కొందరు అభ్యంతరం చెప్పారు. అయినా తీసుకున్నారు. ఆయన అక్కడ 1946 వరకు, అంటే 52 ఏళ్లు పాడారు. ట్యూన్‌కు పెట్టిన పేరు ఆ చర్చి రెక్టర్ (ప్రధాన పాదిరి) ఎల్మర్ మెక్కీది. అమెరికాలోని ఆంగ్లికన్ శాఖ అయిన ఎపిస్కోపల్ చర్చి 1940 హిమ్నల్‌లో ఈ జోడీ అచ్చయింది. ఇప్పుడు అమెరికాలో చాలా హిమ్నల్స్ ఈ పాటకు దీన్నే వేస్తున్నాయి.

నా ఓటు మెక్కీకే. ఈ పాటకు ఆధారం గలతీయులకు రాసిన పత్రిక 3:28: ‘దాసుడని స్వతంత్రుడని లేదు’. ఆ మాటను దాసుల పిల్లలు కాపాడిన ట్యూన్‌లో ఒక ఇంగ్లిష్ కవి మాటలతో పాడుతుంటే, పాట చెప్పేది పాడడంలోనే జరిగిపోతుంది. సెయింట్ పీటర్‌లో పాడితే మాటలు అవే ఉంటాయి గానీ, తూర్పు, పడమర రెండూ ఆక్స్‌ఫర్డ్ గొంతుతోనే పలుకుతాయి. కులం పేరుతో బల్లలు వేరు చేసుకున్న చరిత్ర మన సంఘాల్లోనూ ఉంది కాబట్టి ఈ తేడా నాకు చిన్నదిగా తోచదు.

మెక్కీని పాడు చేసేది వేగం. స్పిరిచువల్ అనగానే కీబోర్డులో రిథమ్ ఆన్ చేసి, చప్పట్లతో పరిగెత్తిస్తారు. అలా చేస్తే మాటలు కొట్టుకుపోతాయి. నడకలా, నింపాదిగా పాడాలి. మొదటి చరణం క్వయర్ ఒక్కటే పాడాలి, అదీ గొంతులు విడదీయకుండా అందరూ ఒకే ట్యూన్‌లో. హార్మనీ రెండో చరణం నుంచి చాలు. సంఘం నోటికి రాకముందే నాలుగు గొంతులు విడదీస్తే అసలు ట్యూన్ ఏదో ఎవరికీ పట్టుబడదు. వచ్చే ఆదివారమే పాడాలి, నేర్పే టైమ్ లేదంటే మాత్రం సెయింట్ పీటర్‌లోనే పాడండి. సంస్మరణ ఆదివారానికో, ఐక్య ఆరాధనకో నెల ముందు ప్లాన్ చేసుకుంటే మెక్కీ ఏ సంఘానికైనా వచ్చేస్తుంది.