వెండి రంగు పూసిన పాత ఇంజన్ కొంటున్నారా? ముందు ఆ బిళ్ల చూడండి

పాత ఇంజన్ కోసం తిరుగుతున్నవాళ్లు డబ్బు చేతిలోంచి జారకముందే ఇది చదవండి. కోపం ఇంకా చల్లారలేదు, వరస తప్పితే మీరే సర్దుకోండి. పేరు చెప్పను. జపాన్ నుంచి దిగిన ఇంజన్లు, తక్కువ తిరిగినవి, వారంటీతో సహా అని ప్రకటనలు ఇచ్చే పెద్దమనిషి. ఫోటోల్లో ప్రతి ఇంజనూ వెండిలా తళతళలాడుతుంది. ఈ పని మీద ఉన్నవాళ్లకు ఆ మాత్రం ఆనవాలు చాలు.

నా సంగతి రెండు ముక్కల్లో. నాకు పదిహేడేళ్లు. నా మొదటి కారు 1993 నాటి హోండా సివిక్, నాకన్నా పెద్దది. దాని ఇంజన్ సిలిండర్లు అరిగి బోరుకు వచ్చేసింది, ఆయిల్ తాగుతోంది, వెనక నీలం పొగ. బోరు చేయించుదామని బాబాయి, ఇంజనే మార్చుదామని నేను. చివరికి నా మాటే నెగ్గింది. 1989లో హోండా తెచ్చిన బీ16ఏ ఇంజన్ ఈ తరం సివిక్‌లో చక్కగా కూర్చుంటుందని అందరికీ తెలిసిందే. 1,595 సీసీలోనే 160 హార్స్‌పవర్. మౌంట్లు, యాక్సిళ్లు, గేర్ లింకేజీ, ఇంజన్ కంప్యూటర్ మార్చుకోవాలి. 1991 దాకా వచ్చిన గేర్‌బాక్సులకు తీగతో లాగే కేబుల్ క్లచ్, నా కారుకు ద్రవం ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్, అది చూసుకుని కొనాలి. ఇవన్నీ నిద్ర మానుకుని చదివాను. అమ్మేవాడు ఎలాంటివాడో కనుక్కోవాలని మాత్రం తోచలేదు, అంతటి మేధావిని!

వారంటీ కాగితంలో ఒకే షరతు. ఇంజన్ మీద అంటించిన హీట్ ట్యాబ్ కరగకూడదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అది గుండీ అంత లోహపు బిళ్ల. మధ్యలో త్వరగా కరిగే మిశ్రమ లోహం చుక్క ఉంటుంది. ఇంజన్ సుమారు 120 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కితే ఆ చుక్క కరిగి కారిపోయి అక్కడ గుంట మిగులుతుంది. కొన్నవాడు నీళ్లు లేకుండా నడిపి ఇంజన్ తగలేసుకుని, మళ్లీ వచ్చి కొత్తది అడగకుండా ఈ ఏర్పాటు. న్యాయమైన ఏర్పాటే, కాదనను. కానీ చుక్క ఉన్న బిళ్ల ఎలా ఉంటుందో, కరిగినది ఎలా ఉంటుందో ముందే తెలిసి ఉండాలి. నాకు తెలియదు. బిళ్ల ఉంది, మెరుస్తోంది, ఇంకేం కావాలి అనుకున్నాను.

బిగించడం గురించి సాగదీయను. చైన్ పుల్లీతో దించాం, బాబాయి దగ్గరుండి అన్నీ చూశాడు. కొత్త రేడియేటర్, కొత్త థర్మోస్టాట్, కొత్త గొట్టాలు. కూలెంట్ పోస్తూ గాలి పూర్తిగా బయటికి పోయేదాకా ఓపిక పట్టాం. తాళం తిప్పగానే స్టార్టయింది. ఆ శబ్దం విని నేను గంతులు వేశాను, ఎందుకు దాచాలి.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. రేడియేటర్ మూతి దగ్గర బుడగలు. గాలి మిగిలిందేమో అనుకున్నాం, కానీ అవి ఆగవే! పై గొట్టం పట్టుకుంటే రాయిలా బిగుసుకుపోయింది. వేడి ముల్లు ఇంకా సగానికి కూడా రాలేదు. బాబాయి వెంటనే ఆపేశాడు. కూలెంట్‌లో పొగ కలుస్తోందో లేదో చూసే ద్రవం ఒకటుంది, నీలం రంగులో ఉంటుంది, పొగ తగిలితే పసుపవుతుంది. నిమ్మపండు రంగుకు తిరిగింది. తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి ఎంత వస్తోందో చూశాం. రెండు చివర్లలోని సిలిండర్లు, అంటే ఒకటి, నాలుగు, 180 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దగ్గర ఉన్నాయి. మధ్యలోవి, అంటే రెండు, మూడు, చెరో 90 కూడా లేవు. హోండా మరమ్మతు పుస్తకం ప్రకారం 135 పీఎస్ఐకి తగ్గకూడదు, సిలిండర్ల మధ్య తేడా 28 దాటకూడదు. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేసారి పడిపోయాయంటే వాటి మధ్య హెడ్ గాస్కెట్ (ఇంజన్ దిమ్మకు, పైనుండే హెడ్‌కు నడుమ బిగించే పల్చటి రేకు) పోయిందని మెకానిక్ పని ఓనమాలు నేర్చినవాడికి కూడా అర్థమవుతుంది.

మేమే హెడ్ విప్పితే దాన్ని సాకుగా చూపి వారంటీ లేదంటాడేమోనని ఇంజన్ మొత్తం మళ్లీ ఎత్తి, బండికి ఎక్కించి, అమ్మిన ఆయనగారి గుమ్మం ముందు దించాం.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి.

ఆయన కంప్రెషన్ లెక్కలు అడగలేదు. తిన్నగా హెడ్ వెనకకు వెళ్లి, వంగి, బిళ్ల మీద వేలు పెట్టి, "ఇదిగో, కరిగిపోయింది. వారంటీ లేదు" అన్నాడు. అదీ నాతో కాదు, బాబాయితో. డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది నేను, కాగితం మీద పేరు నాది, ఎదురుగా నిలబడ్డది నేను. "పిల్లల చేతికి ఇస్తే ఇంతేనండీ. నీళ్లు పోయడం మరిచిపోయి ఉంటాడు" అని నవ్వాడు కూడా.

అప్పుడు నేను ఫోను లైటు వేసి వంగి చూశాను. చుక్క ఉండాల్సిన చోట గుంట ఉంది, నిజమే. కానీ గుంట అడుగున వెండి రంగు ఉంది! హెడ్‌కు పూసిన రంగే. బిళ్ల అంచు మీదుగా ఒక చిన్న ధార గుంటలోకి దిగి అక్కడే ఎండిపోయింది. అంటే ముందు కరిగింది, తర్వాత రంగు పడింది. ఆ రంగు నేను కొనేనాటికే ఉంది. అంటే వారంటీ బిళ్లతో సహా ఈ ఇంజన్ ఇంకెవరికో అమ్ముడుపోయి, వేడెక్కి, తిరిగొచ్చి, పైపూత పూసుకుని నా దగ్గరకు వచ్చిందన్నమాట.

"గుంటలో రంగు ఉంది చూడండి" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగాడు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. మా ఇద్దరి కళ్ల ముందే గుంటలో దాన్ని పెట్టి రెండు తిప్పులు తిప్పి, ఊది, దులిపి, "ఏ రంగు? ఎక్కడ?" అన్నాడు.

ఊదాడండీ! ఆ వెండి పొట్టు నా చొక్కా మీద పడింది.

బాబాయి గొంతు పెంచాడు, ఆయన అంతకన్నా పెంచాడు. "పెద్దయ్యాక రా బాబూ, అప్పుడు ఇంజన్ల గురించి మాట్లాడుకుందాం" అని నా భుజం తట్టి లోపలికి వెళ్లిపోయాడు. మోసం ఒక ఎత్తు, ఆ తట్టడం ఒక ఎత్తు. రాత్రి పాత ఫోటోలు వెతికితే, ఇంజన్ ఇంటికి వచ్చిన రోజు తీసిన ఒకదాంట్లో బిళ్ల కనిపించింది. పెద్దది చేసి చూస్తే గుంట, అందులో వెండి రంగు, స్పష్టంగా. పంపించాను. చూసినట్టు గుర్తు పడింది, జవాబు లేదు.

వారంటీ ఎలాగూ లేదు కదా అని హెడ్ విప్పాం. రెండు, మూడు సిలిండర్ల మధ్య గాస్కెట్ కాలి నల్లబడి ఉంది. హెడ్ మీద ఉక్కు బద్ద పెట్టి కింద ఫీలర్ గేజ్ (సందు ఎంతుందో కొలిచే పల్చటి రేకులు) రేకు దూర్చాం. వంపు 0.05 మిల్లీమీటర్ల లోపు ఉంటే పరవాలేదు, 0.2 దాకా ఉంటే చదును చేయించుకోవచ్చు, అది దాటితే హెడ్ మార్చాల్సిందేనని పుస్తకం. 0.25 రేకు అడ్డు లేకుండా దూరిపోయింది. మా దగ్గర ఆ కాసేపు నడిచినందుకు, ముల్లు సగం కూడా చేరనందుకు, ఇంత వంపు వస్తుందా? ఈ హెడ్ ఎప్పుడో ఎక్కడో ఉడికిన హెడ్.

కొనేవాళ్లు ఏం చేయాలంటారా? బండి మీద నుంచి దించకముందే, వెలుతురులో, బిళ్లను దగ్గరగా ఫోటో తీయండి, అమ్మేవాడి చేయి కూడా ఫోటోలో పడితే మరీ మంచిది. మధ్యలో నిండు చుక్క ఉండాలి. బీ16ఏ దిమ్మ, హెడ్ రెండూ అల్యూమినియమే, వాటికి వెండి రంగు ఎందుకు వేశావని అడగండి. ఆయిల్ మూత తిప్పి అడుగున మీగడలాంటి జిగురు ఉందేమో చూడండి. నేలమీద ఉన్న ఇంజన్‌కు కూడా లీక్‌డౌన్ పరీక్ష చేయవచ్చు, స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి గాలి ఎక్కించి ఎంత పోతోందో చూస్తారు. వద్దన్నవాడి దగ్గర కొనకండి. నిన్న ఆయన ప్రకటనల్లో ఇంకో బీ16ఏ కనిపించింది, తక్కువ తిరిగిందట, తళతళలాడుతోంది.

మీలో ఎవరి దగ్గరైనా వంపు లేని బీ16ఏ హెడ్ ఉంటే చెప్పండి. ఉక్కు బద్ద, ఫీలర్ గేజ్ నేనే తెచ్చుకుంటాను, కొలిచాకే డబ్బు.