వించ్ మౌంట్ చేయించుకునే విశాఖ మిత్రులకు హెచ్చరిక: రంగు పడకముందే చూడండి

బండి ముందు భాగానికి వించ్ (ఇరుక్కున్న బండిని రోపుతో లాగే మోటారు యంత్రం) బిగించుకోవడానికి ప్రత్యేకంగా మౌంట్, అంటే దాన్ని పట్టి ఉంచే ఇనుప తొట్టె, చేయించుకోవాలని ఆలోచిస్తున్న విశాఖ మిత్రులు డబ్బు చేతులు మారకముందే ఈ అనుభవాన్ని చదవాలని కోరుతున్నాను. షెడ్డు పేరు రాయడం లేదు, ఎందుకంటే వ్యవహారం ఇప్పుడు వినియోగదారుల కమిషన్ ముందుంది. పైగా, నాకు ఎదురైన మోసం ఒక్క షెడ్డుకే పరిమితమైన విద్య కాదని ఆ తరువాత తిరిగిన నాలుగైదు చోట్ల అర్థమయింది.

నా బండి ఇసుజు వి-క్రాస్ పికప్. మనుషులు, సామాను కలుపుకుంటే రెండున్నర టన్నుల దాకా తూగుతుంది. నిండు బరువుకు ఒకటిన్నర రెట్లు లాగగల వించ్ ఉండాలన్నది అందరూ పాటించే లెక్క కాబట్టి, 9,500 పౌండ్ల వించ్, అంటే దాదాపు 4,300 కిలోలు లాగగలిగేది, కొన్నాను. దానిలో ఏ లోపమూ లేదు. లోపమంతా దాన్ని ఛాసీకి పట్టి ఉంచవలసిన ఇనుప తొట్టెలో ఉంది. ఆటోనగర్‌లోని ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు యజమానితో 42,000 రూపాయలకు మాట్లాడుకుని 25,000 ముందే ఇచ్చాను. 6 ఎంఎం ప్లేటు, ఛాసీ కొమ్ములకు (ముందుకు పొడుచుకొచ్చే దాని రెండు కొసలకు) ఉన్న పాత రంధ్రాల్లోనే బోల్టు బిగింపు, 8.8 గ్రేడు అనే గట్టి రకం బోల్టులు, పౌడర్ కోటింగ్ అని నోటి మాటగా అనుకున్నాం. కాగితం మీద మాత్రం "వించ్ పని" అన్న రెండు మాటలతో ఒక కచ్చా బిల్లు చేతిలో పెట్టారు. నా మొదటి తప్పు అదే.

రెండో తప్పు గురించి కాస్త సిగ్గుపడుతూనే చెబుతున్నాను. ప్లేటు ఎక్కడిదని అడిగితే, "మన స్టీల్ ప్లాంట్ మాలే సార్, ఇంకేటి కావాలి మీకు" అన్నాడు యజమాని. ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాడిని, ఉక్కు కర్మాగారం పేరు వినగానే మెత్తబడిపోయాను. మన కర్మాగారంలో తయారయ్యేవి కడ్డీలు, వైర్ రాడ్లు, యాంగిళ్లు, ఛానళ్లు వంటి పొడవాటి సరుకే తప్ప ప్లేట్లు కావన్న సంగతి ఊళ్లో సగం మందికి తెలుసు. నాకూ తెలుసు. ఆ క్షణంలో గుర్తు రాలేదు, అంతే. ఎవరైనా మీకు అదే మాట చెబితే ఆ క్షణమే జాగ్రత్త పడండి. ప్లేటు ఏ మిల్లుదైనా, అది ఐఎస్ 2062 (నిర్మాణాలకు వాడే ఉక్కుకు మన దేశ ప్రమాణం) రకమని తెలిపే మిల్లు పరీక్ష పత్రం నకలు అడిగితే నిజాయితీగా కొన్నవారు చూపించగలరు.

పని పన్నెండు రోజులు పట్టింది. మధ్యలో రెండుసార్లు చూడటానికి వెళ్తే, ఒకసారి కరెంటు లేదన్నారు, ఇంకోసారి సరుకు రంగుకు వెళ్లిపోయిందన్నారు. చివరికి చూసేసరికి నల్లటి పౌడర్ కోటింగ్‌తో, ఎక్కడా ఒక గీత గానీ అతుకు గానీ కనిపించకుండా, కంపెనీ నుంచి వచ్చిన సరుకులా నిగనిగలాడుతోంది. వెల్డింగ్ చేసిన చోట అతుకు ఆనవాలే లేనంత నునుపుగా ఉండటం చూసి మురిసిపోయాను. నిజానికి చేతితో చేసిన వెల్డింగు పూస పైకి కనిపించాలి. కనిపించలేదంటే దాన్ని గ్రైండరుతో చెక్కి బలం తీసేశారని గానీ, మీద పుట్టీ పూశారని గానీ అర్థం. నా విషయంలో రెండూ జరిగాయి.

ఆ వానాకాలం చివర్లో, శృంగవరపుకోట దాటి అనంతగిరి వైపు ఒక మిత్రుడి కాఫీ తోటకు వెళ్లాం. తోటలోని మట్టిదారిలో అతని బొలెరో క్యాంపర్ ఎడమ చక్రాలు రెండూ కాలువలోకి జారిపోయాయి. నా బండి చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వైరు రోపు దాదాపు చివరిదాకా వదిలి, తెగితే ఎగిరి పడకుండా దాని మధ్యలో తడిపిన గోనెసంచి వేసి లాగడం మొదలుపెట్టాను. నాలుగడుగులు వచ్చాక స్విచ్ వదిలితే, ఆగాల్సిన క్యాంపర్ తాపీగా వెనక్కి జారింది. మళ్లీ లాగాను, మళ్లీ జారింది. మూడోసారి లాగుతుండగా టప్‌మని ఒక శబ్దం వచ్చింది, బంపరు సందులోంచి చూస్తే వించ్ ముందుకు వంగి, నమస్కారం పెడుతున్నట్టు కనిపించింది. ఇంకాస్త లాగి ఉంటే తెగిన బోల్టో రోపో ఎవరి మీదికి వచ్చేదో ఊహించడానికి ఇప్పటికీ మనసొప్పదు. క్యాంపర్‌ను చివరికి ట్రాక్టరు పిలిపించి బయటికి తీశాం.

షిప్‌యార్డులో వెల్డింగ్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మా బాబాయి మర్నాడు మర్రిపాలెం నుంచి వచ్చి, మౌంటును దింపించి, పెరట్లో రెండు ఇటుకల మీద పెట్టించాడు. మొదట వెర్నియర్ కాలిపర్‌తో రంగు గోకిన అంచును కొలిస్తే 4 ఎంఎం వచ్చింది. నాకు నమ్మకం కుదరలేదని గమనించి, "కాటా మీద పెట్టరా, ఇనుము అబద్ధం చెప్పదు" అన్నాడు. 6 ఎంఎం ఉక్కు ప్లేటు చదరపు మీటరుకు దాదాపు 47 కిలోలు, 4 ఎంఎం అయితే 31 కిలోలు తూగుతుంది. మా తొట్టెకు పట్టిన ప్లేటు విప్పి చాపితే 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు. ఆ లెక్కన 19 కిలోలు ఉండాల్సింది పాత ఇనుము కొట్టు కాటా మీద 13 కూడా దాటలేదు. రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది గానీ, వంగకుండా నిలిచే బిగువు మందం ఘనాన్ని బట్టి మారుతుంది కాబట్టి, 6 ఎంఎం ప్లేటుతో పోలిస్తే 4 ఎంఎం ప్లేటుకు ఆ బిగువు మూడో వంతు కూడా ఉండదు. ప్లేటు మెలి తిరిగితే వించ్ రెండు చివర్లూ వరుస తప్పుతాయి, దానితో మోటారు, గేర్లు పట్టేసి మంచి వించ్ కూడా పాడవుతుంది.

తరువాత చేసిన పరీక్షను దగ్గరుండి చూశాను. అతుకుల మీది రంగును గ్రైండరుతో తీస్తుంటే కింద బూడిద రంగు పుట్టీ పెచ్చులు పెచ్చులుగా లేచింది. శుభ్రం చేసిన అతుకుల మీద బాబాయి ఎర్రటి ద్రవం స్ప్రే చేసి, పది నిమిషాలు ఆగి, గుడ్డతో తుడిచేసి, పైన సున్నంలాంటి తెల్లటి డెవలపర్ కొట్టాడు. మేం చూస్తుండగానే ఆ తెలుపులోంచి ఎర్రటి గీతలు, గోరింటాకు పండినట్టు, మెల్లగా పైకి వచ్చాయి. ఒక మూల గీత అరచేయంత పొడవుంది. ప్లేట్ల అంచులను ఏటవాలుగా చెక్కకుండా ఒకదానికొకటి ఆనించి పైపైన అతికించారని, కరిగిన లోహం లోపలికి దిగనే లేదని ఆయన చూపించాడు. డై పెనెట్రెంట్ అని పిలిచే ఈ పరీక్షకు కావలసిన మూడు డబ్బాలు వెల్డింగ్ సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి, పెద్ద ఖర్చేమీ కాదు. ఓడలు కట్టే ఊళ్లో ఉంటూ నేను ఈ మాట ముందు వినకపోవడం నా దురదృష్టం.

బండి వెనక్కి ఎందుకు జారిందన్నది వేరే కథ. నంబరు ప్లేటుకు చోటు కావాలని షెడ్డువాళ్లు ఫెయిర్‌లీడ్ (రోపు బయటికి వచ్చే దారిలో బిగించే భాగం) కోసం కోసిన సందును రెండంగుళాలు పైకి జరిపారు. ఈ రకం వించ్‌ను అడుగున బోల్టులు వేసి నిలబెట్టినప్పుడు రోపు, తాను చుట్టుకునే డ్రమ్ము కింది నుంచి రావాలి. సందు పైన ఉండేసరికి వాళ్లు రోపును తలకిందులుగా, డ్రమ్ము మీది నుంచి చుట్టేశారు. అలా చుడితే రిమోట్‌లో లోపలికి నొక్కినప్పుడు రోపు బయటికి వస్తుంది కదా, ఆ తేడా నాకు కనపడకుండా కంట్రోల్ బాక్సులో వైర్లు కూడా అటూ ఇటూ మార్చారు. డ్రమ్ములోని బ్రేకు ఒక్క దిశలోనే పట్టుకుంటుంది. కాబట్టి నా వించ్‌కు ఆ షెడ్డు గుమ్మం దాటినప్పటి నుంచీ, బరువును నిలబెట్టే విషయంలో, బ్రేకు లేనట్టే లెక్క. దీనికి తోడు లాగుడు పైనుంచి పడటంతో అడుగు బోల్టుల మీద మెలి పెరిగింది. ఖాళీ రోపును చుట్టి చూపిస్తే ఇదేదీ బయటపడదు. డెలివరీ రోజున నాకు చూపించింది అంతే. మీరు తీసుకునేటప్పుడు చిన్న ఏటవాలు మీద మీ బండినే కొంత దూరం లాగించి, స్విచ్ వదిలి, నిలిచిందో లేదో చూడండి.

బోల్టుల తలలు చూస్తే మూడింటి మీద 8.8 అని ఉంది, మిగిలిన వాటి మీద ఏ అంకే లేదు. అంతకంటే బాధించింది ఛాసీ విషయం. పాత రంధ్రాలకు బ్రాకెట్ కుదరకపోవడంతో ఎడమ కొమ్ముకు నేరుగా వెల్డింగ్ చేసి నల్ల రంగు పూశారు. బ్యాటరీ తీగ విప్పకుండానే చేశారని అక్కడి కుర్రాడు తరువాత ఒప్పుకున్నాడు. అలా చేస్తే బండిలోని కంప్యూటర్ యూనిట్లు, ఆల్టర్నేటరు దెబ్బతినే ప్రమాదం ఉంది. నాకు ఆ నష్టం తప్పింది గానీ, వెల్డింగ్ వేడికి ఛాసీ లోహం గుణం మారిన చోట మున్ముందు బీట రాదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. డబ్బా ఆకారపు ఛాసీలో బోల్టు వేయాలంటే లోపల పైపు స్లీవు పెట్టి బిగించాలి, లేదంటే బిగించే కొద్దీ ఛాసీ గోడలు నొక్కుకుపోతాయి. ఈ సంగతి మీ మేస్త్రీని అడగండి. అతని ముఖంలోనే జవాబు కనిపిస్తుంది.

కప్పీ వేసి రోపును వెనక్కి తెచ్చుకునే అలవాటున్నవారు ఇంకో సంగతి చూసుకోవాలి. రెండు వరసల్లో లాగినప్పుడు బండి ముందు భాగం మీద పడే బలం దాదాపు రెట్టింపవుతుంది. వెనక్కి వచ్చిన కొక్కేన్ని మౌంటు ప్లేటుకే తగిలించకుండా, ఛాసీకి విడిగా బిగించిన రికవరీ పాయింటుకు (బండిని లాగడానికి ఉంచే గట్టి కొక్కేనికి) తగిలించాలి. నా మౌంటుకు "స్టైలుగా ఉంటాయి సార్" అంటూ తగిలించిన రెండు డి-షాకిళ్లూ (డి అక్షరం ఆకారపు ఇనుప కొలుకులు) ఆ 4 ఎంఎం ప్లేటుకే అతికించి ఉన్నాయి.

చట్టం సంగతి కూడా దాచను, ఎందుకంటే షెడ్డువాళ్లు దాన్ని ఎత్తరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్‌లో నమోదైన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే మాట గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకు యజమాని మీద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. బంపరు ముందు బిగించే ఇనుప చట్రాలైన బుల్‌బార్ల మీద కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు లేఖ రాసింది. నేను బంపరు వెనక దాగి ఉండే మౌంటు ఎంచుకున్నంత మాత్రాన బాధ్యత తప్పదు. పని మొదలుపెట్టకముందే రవాణా కార్యాలయంలోనూ బీమా కంపెనీలోనూ అడిగి ఉండాల్సింది, అడగలేదు.

యజమాని దగ్గరికి విరిగిన ప్లేటు తీసుకెళ్తే, "మీరు ఓవర్‌లోడ్ చేసుంటారు సార్, మేమేటి చేస్తాం" అన్నాడు. వెర్నియర్ తీసి కొలవబోతే "అది పట్టుకెళ్లి ఇంట్లో చూసుకోండి" అని లేచిపోయాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాక వారి సలహాతో జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేశాను. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, గడువు రెండేళ్లు. కచ్చా బిల్లు ఒక్కటే ఉంటే కష్టమయ్యేది. ఫోన్‌పేలో పంపిన డబ్బు వివరాలు, వాట్సాప్‌లో ఆయన స్వయంగా పెట్టిన "6ఎంఎం కన్ఫర్మ్ సార్" అన్న ఒక్క సందేశం ఆదుకున్నాయి. బండిని లాభం కోసం తిప్పేవారి ఫిర్యాదు ఇక్కడ నిలవకపోవచ్చు కాబట్టి, టూర్ల బండ్లవారు ముందే వకీలును కలవడం మంచిది.

కొత్త మౌంటు వేరే చోట చేయించాను. ఈసారి పచ్చి ఇనుముగా ఉన్నప్పుడే తొట్టెను కాటా మీద పెట్టించాను, అతుకులకు బాబాయి చేతనే ఎర్ర ద్రవం కొట్టించాను, ఆ తరువాతే రంగుకు పంపనిచ్చాను. ఇది సముద్రం పక్క ఊరు కాబట్టి, నీరు నిలవకుండా అడుగున రంధ్రాలు వేయించి, పౌడర్ కోటింగ్ కింద జింక్ ప్రైమరు పూయించాను. మేస్త్రీ మొదట విసుక్కున్నాడు గానీ, బరువు సరిగ్గా 19 కిలోలు తూగగానే "చూసుకున్నారా సార్" అని మీసం దువ్వుకున్నాడు. పాతది మా మెట్ల కింద, ఎర్ర గీతలతో సహా, గోనె చుట్టి ఉంది. కమిషన్ ముందు పెట్టవలసిన సాక్ష్యం కనుక పాత ఇనుముకు వేయనివ్వలేదు.