ఎంట్రన్స్ ఆర్ట్ కిట్: రంగులు పన్నెండు, కాగితం పలచన

ఫైన్ ఆర్ట్స్ ఎంట్రన్స్ రాసే పిల్లల కోసం కోఠి, ఆబిడ్స్ వైపు స్టేషనరీ షాపుల వాళ్లు కట్టి అమ్మే కిట్టు ఇది. మాసాబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ(జేఎన్ఏఎఫ్ఏయూ)కో, బయటి డిజైన్ కాలేజీలకో తయారయ్యేవాళ్లు కొంటుంటారు. పెట్టెలో హెచ్‌బీ, 2బీ, 4బీ, 6బీ, 8బీ పెన్సిళ్లు, పన్నెండు చిన్న సీసాల పోస్టర్ కలర్స్, 2, 4, 8 నంబర్ల గుండ్రటి బ్రష్షులు, అర అంగుళం ఫ్లాట్ బ్రష్షు, 0.5 మిల్లీమీటర్ల నల్ల పెన్ను, ఏ3 కాగితాలు, ప్లాస్టిక్ పాలెట్ ఉంటాయి. థర్మాకోల్‌తో చేసిన ఘనం, గోళం, శంకువు, స్తూపం అదనం. మూత లోపలివైపు గీత, ఆకారం, ఘనరూపం, ఛాయ, రంగు, టెక్స్చర్, స్పేస్ అని ఏడు పేర్లు, ఒక్కోదానికి ఒక్కో అభ్యాసం అచ్చేశారు. ‘అన్నీ ఉన్నాయండీ’ అంటాడు షాపాయన. ఉన్న మాట నిజమే, ఉండాల్సిన పాళ్లలోనే లేవు. పెట్టె బరువంతా రంగు మీద పెట్టారు. బొమ్మ నిలబడేది ఛాయ మీద, అంటే లేత-ముదురు తేడాల మీద.

పెన్సిళ్లతో ఇబ్బంది లేదు. లోపలి పుల్ల గ్రాఫైటు, బంకమన్ను కలిపి కాల్చింది. మన్ను ఎక్కువైతే గట్టిగా, లేతగా గీస్తుంది, గ్రాఫైటు ఎక్కువైతే మెత్తగా, నల్లగా గీస్తుంది. బీ ముందు అంకె పెరిగేకొద్దీ పుల్ల మెత్తన. అందుకే 6బీ, 8బీలను చిన్న షార్ప్‌నర్‌లో తిప్పితే మొన తెగిపోతుంటుంది. కట్టర్‌తో చెక్కి, పుల్ల ఒక సెంటీమీటరు బయటికి ఉంచుకోవాలి. అప్పుడు మొనతో గీత, పక్కవాటంతో షేడింగు, రెండూ ఒకే పెన్సిల్‌తో వస్తాయి. ఎంత జాగ్రత్తగా చెక్కినా పుల్ల ముక్కలుగా ఊడుతుంటే ఆ పెన్సిల్ ఎక్కడో కిందపడి లోపలే విరిగిందని అర్థం. అది మార్చుకోవడమే.

గీత కోసం నల్ల పెన్ను ఇచ్చారు గానీ, దాని గీత మొదలు నుంచి చివరిదాకా ఒకే మందం. కొలతల బొమ్మకు సరిపోతుంది, చేతి ఒత్తిడి నేర్చుకోవడానికి పనికిరాదు. ఆ పని 2 నంబరు బ్రష్షు చేస్తుంది. 20 సెంటీమీటర్ల గీతలు, మధ్యలో అర సెంటీమీటరు ఎడంతో, మొదట ఒకే ఒత్తిడితో, తర్వాత సన్నంగా మొదలై లావై మళ్లీ సన్నబడేలా ఒక పేజీ గీయండి. మణికట్టు బిగించి భుజం నుంచి లాగితేనే పొడుగు గీత వణకదు. తోట వైకుంఠం గీసిన తెలంగాణ ఆడవాళ్ల బొమ్మలు చూడండి, రంగు ఎంత గట్టిగా ఉన్నా ఒంటి నిండుదనాన్ని పట్టి ఉంచేది ఆ అంచు గీతే.

ఇక ఛాయ. మూతమీద ‘తెలుపు నుంచి నలుపుకు ఐదు మెట్లు’ అని ఉంది. ఐదు చాలవు, తొమ్మిది చేయాలి. అమెరికన్ చిత్రకారుడు అల్బర్ట్ మన్సెల్ రంగును వన్నె (ఎరుపా, నీలమా అన్నది), ఛాయ, గాఢత (రంగు ఎంత నిండుగా ఉందన్నది) అని మూడుగా విడదీసినప్పుడు ఛాయకు నలుపును 0గా, తెలుపును 10గా పెట్టి మెట్లు కట్టాడు. తొమ్మిది గళ్ల పట్టీ దానికి దగ్గరగా ఉంటుంది. మూడు సెంటీమీటర్ల గళ్లు తొమ్మిది గీసి, ఒక చివర తెలుపు, మరో చివర నలుపు వేయండి. తర్వాత వరసగా పోవద్దు. ముందు ఐదో గడి, ఆ తర్వాత మూడు, ఏడు, చివరికి మిగిలినవి. వరసగా పోయినవాళ్లకు నాలుగో గడికే నలుపు వచ్చేస్తుంది, మిగతావన్నీ ఒకలాగే కనిపిస్తాయి. తెలుపు, నలుపు సమానంగా కలిపితే నడిమి బూడిద వస్తుందనుకోవడం మరో పొరపాటు. నలుపుకు కలుపుకునే బలం చాలా ఎక్కువ, సగం సగం కలిపితే వచ్చేది ముదురు బూడిదే. ఎప్పుడూ తెలుపు కుప్ప ముందు పెట్టుకుని, బ్రష్షు కొసతో నలుపు అందిస్తూ పోవాలి. పైగా పోస్టర్ కలర్ ఆరాక మారుతుంది. లేతవి కాస్త ముదురుతాయి, ముదురువి కాస్త పాలిపోతాయి. చిత్తు కాగితం మీద పట్టించి, పూర్తిగా ఆరాకే గడిలో వేయాలి.

ఈ ఒక్క పట్టీకే తెలుపు ఎంత ఖర్చవుతుందో చూస్తే కిట్టు లోపం బయటపడుతుంది. పన్నెండు సీసాలూ ఒకే సైజు. లేత ఛాయలన్నింటికీ తెలుపే ఆధారం కాబట్టి, ఆకుపచ్చల మూతలు తీయకముందే తెలుపు అడుగంటుతుంది. పోనీ పట్టీని పెన్సిల్‌తోనే చేద్దామని, నలుపు కోసం 8బీని గట్టిగా రుద్దడం దీనికి మందు కాదు. నొక్కిన కొద్దీ గ్రాఫైటు మెరుస్తుంది, ట్యూబ్‌లైట్ కింద ఆ నలుపు వెండిలా కనిపిస్తుంది. 2బీతో అడుగు పొర, దానిమీద 6బీ, అంతకన్నా నలుపు కావాలంటే చార్‌కోల్. అది కిట్టులో లేదు. ఉండాల్సింది.

పట్టీ సరిగా వచ్చిందా అన్నది కళ్లు సగం మూసి చూస్తే తెలుస్తుంది, గళ్లు ఒకదాన్నుంచి ఒకటి సమంగా దిగాలి. ఫోన్‌లో నలుపు-తెలుపు ఫొటో తీసినా సరే. అదే పద్ధతిలో కిట్టులోని ఎరుపును, ముదురు ఆకుపచ్చను పక్కపక్కన వేసి ఫొటో తీయండి. కంటికి ఎంత కొట్టొచ్చినట్టున్నా ఫొటోలో చాలాసార్లు కలిసిపోతాయి. అక్షరాలు, నేపథ్యం అలాంటి జంటలో పడితే పోస్టరు దూరం నుంచి చదవడం కష్టం. నగరంలో చాలా షాపుల బోర్డులు చెడేది ఇక్కడే.

థర్మాకోల్ ఆకృతులు మాత్రం డబ్బు దండగ. థర్మాకోల్ లోపలికి వెలుతురు చొరబడుతుంది, అందువల్ల గోళం మీద ఉండాల్సిన గట్టి నీడ పాలిపోతుంది, అంచు తెలియదు. గింజల గరుకు మరో అడ్డంకి. స్ప్రే పెయింట్ కొడదామనుకుంటారేమో, అందులోని సాల్వెంట్‌కు థర్మాకోల్ కరిగిపోతుంది. దీనికన్నా తెల్ల కోడిగుడ్డు నయం, మెరుపు లేని నున్నటి తలం. గదిలో ట్యూబ్‌లైట్ ఆపి, ఒకే ఒక బల్బు 45 డిగ్రీల ఎత్తులో పక్కగా పెట్టాలి. రెండు దీపాలుంటే రెండు నీడలు పడి రూపం గందరగోళమవుతుంది. వెలుగు పడ్డ భాగం, నడిమి ఛాయ, గట్టి నీడ, కింది నుంచి ఎగిసిన వెలుతురు, నేలమీద పడ్డ నీడ, ఇవన్నీ విడివిడిగా కనిపిస్తాయి. ఎక్కువ మంది తప్పేది ఆ ఎగిసిన వెలుతురు దగ్గర. దాన్ని మరీ తెల్లగా వదిలేస్తారు. అది నీడలోని భాగం, వెలుగువైపున్న ఏ ఛాయకన్నా ముదురుగానే ఉండాలి. తర్వాత ఇబ్రహీంబాగ్‌లోని కుతుబ్‌షాహీ సమాధులకు వెళ్లండి. ఘనం మీద ఉబ్బిన గుమ్మటం, గుడ్డు మీద నేర్చిందంతా పెద్ద సైజులో ఉంటుంది. పొద్దునో సాయంత్రమో వెళ్లాలి, మిట్టమధ్యాహ్నం గుమ్మటం చప్పగా కనిపిస్తుంది.

రంగుల్లో నాణ్యత బాగానే ఉంది, ఎంపికే సగం వృథా. క్రిమ్సన్, వర్మిలియన్, లెమన్ యెల్లో, అల్ట్రామరీన్, ప్రష్యన్ బ్లూ, తెలుపు, నలుపు ఉంటే రంగుల చక్రం మొత్తం వస్తుంది. రెండు ఎరుపులు, రెండు నీలాలు ఎందుకంటే, క్రిమ్సన్‌లో అల్ట్రామరీన్ కలిపితే శుభ్రమైన ఊదా వస్తుంది. వర్మిలియన్‌లో పసుపు వాలు ఉంటుంది కాబట్టి అదే నీలం కలిపితే మట్టి రంగు తేలుతుంది. లెమన్ యెల్లోకు ప్రష్యన్ బ్లూ తోడైతే మంచి ఆకుపచ్చ. అలాంటప్పుడు పెట్టెలో రెండు ఆకుపచ్చలు, ఒక గులాబీ ఎందుకు? రెడీమేడ్ ఆకుపచ్చ దొరికితే పిల్లలు కలపడం మానేస్తారు, చెట్లన్నీ ఒకే రంగులో నిలబడతాయి.

చదునుగా రంగు నింపడానికి పోస్టర్ కలర్ చిక్కటి మజ్జిగలా ఉండాలి. మరీ చిక్కగా వేస్తే ఆరాక పగుళ్లు, పలచన చేస్తే చారలు. మొదటి పూత అడ్డంగా, అది ఆరాక రెండోది నిలువుగా. రెండో పూతలో ఒకేచోట బ్రష్షు రుద్దకూడదు, రంగులోని జిగురు నీళ్లకు కరిగేదే కాబట్టి కింది రంగు లేచి కలిసిపోతుంది. ఏప్రిల్, మే ఎండలకు పాలెట్‌లో రంగు నిమిషాల్లో గట్టిపడుతుంది. కావలసినంతే తీసుకుని, సీసాల మూతలు వెంటనే బిగించండి. మురికి నీళ్ల బ్రష్షు నేరుగా సీసాలో ముంచితే రంగు మకిలి పట్టడమే కాదు, కొన్నాళ్లకు బూజు కూడా పడుతుంది.

కాగితం దగ్గర మాత్రం షాపు వాళ్లు పీనాసితనం చూపించారు. పెన్సిల్‌కు సరిపోతుంది, రెండు పూతల రంగు పడగానే వంకర్లు పోతుంది. తడికి నారలు ఉబ్బి, తడవని భాగం ఉబ్బకపోవడం వల్లే ఆ అలలు. పోస్టర్ కలర్‌కు కనీసం చదరపు మీటరుకు 200 గ్రాములు తూగే, అంటే 200 జి.ఎస్‌.ఎం. కాగితం, నాలుగు అంచులకూ మాస్కింగ్ టేపు కావాలి. అయితే ఈ పలచటి కాగితం ఒకచోట బ్రహ్మాండంగా పనిచేస్తుంది. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ పక్క మిగిలిన గ్రానైట్ బండల మీద పరిచి, 6బీ పక్కవాటంతో మెల్లగా రుద్దితే రాతి గరుకంతా అచ్చుపడుతుంది. టెక్స్చర్ అభ్యాసానికి మందపాటి కాగితం అంత సుకుమారంగా రాతిని పట్టుకోలేదు.

ఆకారం, స్పేస్ అభ్యాసాలకు పెట్టెలో కొత్తగా ఏమీ లేదు, అవసరం కూడా లేదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ పాత్రలు చూస్తే నల్లటి లోహంలో పొదిగిన వెండి తీగెలు ఎంత ముఖ్యమో, వాటి మధ్య వదిలిన నలుపు ఆకారం కూడా అంతే ముఖ్యమని అర్థమవుతుంది. స్పేస్ కోసం అట్టలో 4×6 సెంటీమీటర్ల కిటికీ కోసి, అందులోంచి చూస్తూ వస్తువుల్ని కాకుండా వాటి మధ్య ఖాళీల్నే గీయండి.

గడువు దగ్గరపడి అన్నీ ఒకేచోట కావాలంటే కిట్టు కొనొచ్చు. తీరిక ఉంటే విడిగా కొనడమే మేలు. పైన చెప్పిన ఏడు సీసాలు, అందులో తెలుపు పెద్దది, 2బీ, 6బీ పెన్సిళ్లు, నాలుగు చార్‌కోల్ పుల్లలు, 2, 6 నంబర్ల సింథటిక్ గుండ్రటి బ్రష్షులు, అర అంగుళం ఫ్లాట్ ఒకటి. ఉడుత వెంట్రుకల బ్రష్షు వాటర్ కలర్‌కు మెత్తగా బాగుంటుంది గానీ చిక్కటి పోస్టర్ కలర్ మోస్తూ నిలబడదు. మిగిలిన డబ్బంతా కాగితానికి పెట్టండి, ముందు ఒక్క షీటు కొని మూలలో రెండు పూతలు వేసి చూశాకే మొత్తం తీసుకోండి.