తడిపి కుట్టించాలా, చన్నీళ్ళలో ఉతికితే చాలా?

రథయాత్ర దగ్గరపడితే పర్లాకిమిడిలో టైలర్ల దగ్గర ఖాళీ ఉండదు. గుడ్డ పట్టుకెళ్ళిన ప్రతి ఆడమనిషినీ మా వీధి చివరి టైలరు ముందు అడిగేది ఒకటే: "మావుసీ, తడిపి తెచ్చారా?" సగం ఒడియా, సగం తెలుగు. ఈసారి నా జవాబు కూడా సగంసగమే. ఒకటి తడిపాను, ఒకటి తడపలేదు.

పొందూరు వెళ్ళినప్పుడు ఒకే తానులోంచి రెండు లాల్చీలకి ఖద్దరు తెచ్చాను. వాలుగ చేప దవడతో దూది ఏకి, చేత్తో వడికిన నూలు కదా, ధర కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. మా ఆయన గుడ్డ రెండుసార్లు తడిపి, ఆరేసి ఇచ్చాను. మా తమ్ముడిది పండక్కే కావాలన్నాడని అలాగే ఇచ్చేశాను. ఎలాగూ చన్నీళ్ళలో, చేత్తో ఉతుకుతారుగా అన్న ధీమా. రెండో ఉతుకు తర్వాత పాతపట్నం నుంచి మరదలి ఫోను: "వదినా, మీ తమ్ముడి లాల్చీ బుష్‌షర్టు అయిపోతోంది." రెండంగుళాలు పోయింది. వేడినీళ్ళు తగల్లేదు, మెషీను ఎక్కలేదు.

నూలుగుడ్డ కుదించుకుపోకుండా ఉండాలంటే తడిపి కుట్టించాలా, చన్నీళ్ళలో ఉతికితే చాలా అని నన్ను చాలామంది అడుగుతారు. జవాబు అక్కడే ఉంది. మనం తప్పంతా వేడినీళ్ళ మీదికి తోసేస్తాం. మగ్గం మీద పడుగుని, అంటే పొడవునా ఉండే దారాల్ని, బిగించి నేస్తారు. గుడ్డ ఆ బిగువుతోనే తానులో చుట్టుకుని ఉంటుంది. నీళ్ళు తగలగానే బిగువు సడలుతుంది, నూలు ఉబ్బుతుంది. ఉబ్బిన పేక (అడ్డదారం) మీదుగా, కిందుగా వెళ్ళాల్సిన పడుగు దారం ఇంకాస్త వంకర తిరుగుతుంది. ఆ మేరకు పొడవు తగ్గుతుంది. అందుకే పన్నా (వెడల్పు) కంటే పొడవే ఎక్కువ పోతుంది. ఇదంతా జరగడానికి మామూలు నీళ్ళు చాలు. వేడీ, రాపిడీ దాన్ని ఇంకా పెంచుతాయి, అంతే.

కాబట్టి కుట్టించుకునే గుడ్డ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు: తడిపి ఇవ్వాల్సిందే. గుడ్డ ఎలాగూ దిగుతుంది, అంటే కుదించుకుపోతుంది. కత్తెర పడకముందే దిగితే నష్టం లేదు. కుట్టాక దిగితే పొడవు ఒక్కటే కాదు, కుట్లు కూడా ముడతలు పడతాయి. జాకెట్టు లైనింగ్, చీర ఫాల్ తడపకుండా కుట్టిస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? పైగుడ్డ ఉన్నచోటే ఉంటుంది, లోపలిది దాన్ని పట్టి గుంజుతుంది.

తడపడంలోనూ ఒక మెలిక ఉంది. రేపు ఎంత వేడి నీళ్ళలో ఉతుకుతారో, ఇవాళ కనీసం అంత వేడి నీళ్ళలో నానబెట్టాలి. చన్నీళ్ళలో తడిపిన గుడ్డ తర్వాత వేడినీళ్ళు చూస్తే మళ్ళీ కొంత దిగుతుంది. నేను గోరువెచ్చటి నీళ్ళలో రెండు గంటలు ఉంచి, పిండకుండా దండెం మీద వేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేస్తాను. రంగు గుడ్డయితే దేని బకెట్టు దానికే. ఖద్దరు, చేనేత గుడ్డలకి ఒక్కసారి సరిపోదు. ఈసారి గుడ్డ మీద దారంతో 50 సెంటీమీటర్లు గుర్తు పెట్టుకుని కొలిచాను. మొదటి తడుపుకి 48 అయింది, రెండోదానికి 47.5. అంటే మీటరుకి 5 సెంటీమీటర్లు. అప్పట్నుంచీ మీటరుకి ఇంకో పది సెంటీమీటర్లు కలిపి కొంటున్నాను.

చన్నీళ్ళ ఉతుకు ఎందుకూ పనికిరాదని కాదు. రెడీమేడ్ బట్టలకి మనకున్న దారి అదే, వాటిని తడిపి కుట్టించలేం కదా. మిల్లు గుడ్డతో కుట్టిన మంచి చొక్కాలకి పెద్దగా భయం లేదు. గుడ్డని తడిపి, పొడవునా ముందే కుదించే పద్ధతికి 1930లో శాన్‌ఫర్డ్ క్లూయెట్ అనే అమెరికన్ పేటెంట్ తీసుకున్నాడు. అలా కుదించిన గుడ్డని శాన్‌ఫరైజ్డ్ అనడం ఆయన పేరుమీద వచ్చిందే. అలాంటి గుడ్డ తర్వాత ఒక శాతం కూడా దిగదు. టీషర్టులు, బనియన్లే పేచీ. అవి నేసినవి కావు, ఉచ్చులు ఉచ్చులుగా అల్లినవి. తడిగా ఉన్నప్పుడే నాలుగు వైపులా సర్ది, పరిచి ఆరబెట్టండి.

మెషీను ఉన్నవాళ్ళకి ఒక మాట. ఫ్రంట్‌లోడ్ మెషీన్లలో 'కాటన్' అని రాసి ఉన్న ప్రోగ్రాం చాలావాటిలో నీళ్ళని 40 డిగ్రీలకో 60 డిగ్రీలకో వేడిచేస్తుంది. కాటన్ బట్టలే కదా అని అది నొక్కేస్తాం. ఉష్ణోగ్రత తగ్గించుకుని, 30 గానీ కోల్డ్ గానీ పెట్టుకోండి. సెమీ ఆటోమేటిక్‌లో మనం డ్రయ్యర్ అనేది నీళ్ళు విదిలించే తొట్టె మాత్రమే, అందులో వేడి ఉండదు. దాని గురించి టెన్షన్ వద్దు.

ఉప్పునీళ్ళు రంగు కోసం వేసేవాళ్ళు వేస్తారు, గుడ్డ దిగడానికీ దానికీ సంబంధం లేదు. ఒక సైజు పెద్దది కొనడం పిల్లలకి సరే, పెద్దవాళ్ళకి పొడవు సరిపోయేసరికి భుజాలు జారుతాయి. డ్రైక్లీనింగ్‌కి ఇస్తే దిగదు, కానీ రోజూ కట్టే నూలుబట్టకి అంత ఖర్చెందుకు?

తమ్ముడి లాల్చీ మళ్ళీ టైలరు దగ్గరికే తీసుకెళ్ళాను. కింద మడత విప్పితే అంగుళం వచ్చింది. రెండో అంగుళానికి ఏం చెయ్యాలని అడిగితే, "వచ్చేసారి తడిపి తెండి మావుసీ" అన్నాడు.