దసరా సెలవులకు క్యాంపు మేలా, అమ్మమ్మ ఊరు మేలా?

దసరా దగ్గర పడిందంటే చాలు, మా హన్మకొండ కాలనీలో గేటు గేటుకూ క్యాంపుల పాంప్లెట్లు దూర్చిపోతారు. డ్రాయింగ్, డ్యాన్స్, అబాకస్, పైగా 'మంచి అలవాట్లు', అన్నీ ఒకే ప్యాకేజీ. ముందటేడు మా ఆయన మాట విని ఇద్దరినీ క్యాంపులో వేశాం. పోయినేడు, అంటే 2025లో, 13 రోజుల సెలవులు వస్తే నా మాట నెగ్గి పరకాల దగ్గర మా అమ్మ వాళ్ల ఊరికి పంపాం. బిడ్డ అప్పుడు ఏడో తరగతి, కొడుకు నాలుగు.

క్యాంపును ఊరికే తీసిపారేయను. పెన్సిల్‌తో నీడ ఎట్లా వేయాలో బిడ్డ అక్కడే నేర్చుకుంది, అది ఇంట్లో మాకెవరికీ రాదు. ఇద్దరం ఉద్యోగాలకు పోయేవాళ్లం, పిల్లలు ఒక చోట ఉన్నారన్న నిమ్మళం కూడా చిన్నదేం కాదు. కానీ మాస్టారు బోర్డు మీద రెండు కొండలు, మధ్యలో సూర్యుడు వేస్తే ముప్పై మంది అవే కొండలు వేసుకొచ్చారు. రోజంతా ఏసీ హాల్లో కూర్చోవడం, మధ్యలో క్రీమ్ బిస్కెట్లు. 'షేరింగ్ ఈజ్ కేరింగ్' అని చార్టు మీద రాసిన రోజే మావాడు ఇంటికొచ్చి స్కెచ్ పెన్నుల కోసం అక్కను కొట్టాడు.

ఊళ్లో తెల్లారకముందే అమ్మమ్మ వెంట చేన్ల గట్లకు. బతుకమ్మ పేర్చడానికి గునుగు, తంగేడు పూలు ఏరాలి. మావాడు చేతికందినంతా గుంజబోతే, "అట్ల తెంపకు బిడ్డా, వెనకొచ్చేటోళ్లకు ఉంచాలె" అందట మా అమ్మ. గునుగు పూలకు రంగులు అద్దడం వాడికి అప్పగిస్తే, రెండు రంగులు కలిపేసి బురద రంగు చేశాడు. ఎవరూ తిట్టలేదు. పచ్చటి తంగేడు వరుసల మధ్య ఆ బురద రంగు పేరిస్తే నిజంగానే బాగుంది, ఫొటో చూశాను. బతుకమ్మ ఎత్తుగా కావాలని వాడే పేర్చబోతే రెండుసార్లు కూలిందట, లోపల ఆకు దట్టంగా నింపితేనే నిలబడుతుందని మూడోసారికి వాడికే తెలిసింది.

పక్కింటి అవ్వ ఒక్కతే ఉంటుంది, పూలకు పోలేదు. "మన పూలల్ల కొన్ని ఇచ్చి రాపో" అంటే మొదటి రోజు మొహం మాడ్చుకుని పోయాడు. ఆ అవ్వ పిడికెడు పల్లీలు పెట్టింది. రెండో రోజు ఎవరూ చెప్పకుండానే పోయాడు (పల్లీల కోసమే అంటుంది అక్క, అయితే ఏంది?). చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు "ఇస్తినమ్మ వాయినం, పుచ్చుకుంటినమ్మ వాయినం" అంటూ రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు పంచే పని ఇద్దరిదీ.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. చేను దాకా నడక, సాయంత్రం బతుకమ్మ చుట్టూ వంగి లేస్తూ చప్పట్లు, ఇగ లెక్క పెట్టే పనే లేదు.

ఊరికీ తిప్పలున్నాయి. వానలకు చెరువు నిండి ఉంటుంది, నిమజ్జనం నాడు పెద్దవాళ్లు చెయ్యి పట్టుకోకుండా పంపొద్దు. దోమలు సరేసరి. అమ్మమ్మకు మోకాళ్ల నొప్పులుంటే ఇద్దరు పిల్లల్ని ఆమె మీద వదిలేయడం అన్యాయం, అప్పుడు క్యాంపే నయం. ఊరు లేనివాళ్లు తంగేడు, గునుగు బజార్లో కొనుక్కున్నా సరే, పేర్చే పని మాత్రం పిల్లలకే వదిలేయండి, వంకరగా వచ్చినా.

నా లెక్కలో ఊరే మేలు. బొమ్మలంటే నిజంగా ఇష్టమున్న పిల్లకు పది రోజుల ప్యాకేజీ కంటే ఏడాది పొడుగునా ఆదివారం క్లాసు నయం, బిడ్డను అట్లనే చేర్చాం. ఈసారి కూడా ఇద్దరూ అమ్మమ్మ ఊరికే. కాకపోతే మధ్యాహ్నం తిండి కాగానే మా అన్న కొడుకు ఫోను చుట్టూ అందరూ మూగుతారు, దానికి ఏం చేయాలో మా అమ్మకూ తోచలేదు, నాకూ తోచలేదు.